ఆకాశం నిషిద్ధం

అవధానంలో నాకు బాగా నచ్చేది నిషిద్ధాక్షరి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, ఆ తర్వాత ఏది రాబోతోందో ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. నోటిదాకా వచ్చిన మాట ఆగిపోతుంది. రాదనుకున్న మాట ఎక్కడినుంచో తన్నుకొస్తుంది. ఫొటోలు తీసే మనకు అలాంటి పృచ్ఛకుడు లేడు. ఫోన్ చేతిలో ఉంటుంది, ఎన్ని తీసినా ఖర్చు లేదు, వద్దనేవాళ్లు లేరు. అందుకే హంపి వెళ్లొచ్చినవాళ్ల ఫోన్లు ఎవరివి తెరిచినా అదే రాతిరథం, అదే కోణం, యాభై రూపాయల నోటు వెనక ఉన్న బొమ్మే.

మా అన్నయ్య కూతురు కాలేజీలో ఫొటోగ్రఫీ చదువుతోంది. ఇద్దరం హంపి వెళ్దామనుకున్నప్పుడు ఈ మాట తనే ఎత్తింది. "అత్తా, నీకు నేను పృచ్ఛకురాలిని, నాకు నువ్వు. ఒకరికి ఒకరం సమస్యలు ఇచ్చుకుందాం. తప్పించుకోవడానికి లేదు." నా దగ్గర పాత కెమెరా, దానికి 50 ఎంఎం లెన్సు ఒక్కటే ఉన్నాయి. జూమ్ లేదు, దగ్గరగా కావాలంటే నడవాల్సిందే. తన దగ్గర ఫోన్. కార్టియే బ్రెసోన్ జీవితంలో ఎక్కువ భాగం 50 ఎంఎం లెన్సుతోనే పనిచేశాడని చెప్పి నన్ను ఒప్పించింది. నేను తనకు పెట్టిన మొదటి నియమం: ప్రయాణానికి ముందు ఇంట్లోనే మొదలుపెట్టాలి.

ఇల్లు అంటే విజయవాడలో రెండో అంతస్తు ఫ్లాటు. వంటింటి కిటికీ దగ్గర ఒక కూరగాయ పెట్టి, దీపాలన్నీ ఆర్పేసి, కిటికీ వెలుతురుతోనే తీయాలన్నాను. ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ఒక మిరపజాతి కాయను, మనం బెంగళూరు మిర్చి అనే రకాన్ని, రేకు గరాటు నోట్లో పెట్టి తీశాడు. ఆ ఫొటో చూస్తే మెలితిరిగిన మనిషి వీపు చూసినట్టే ఉంటుంది. మా పిల్ల మాత్రం నల్లవంకాయ ఎంచుకుంది. దగ్గరకు వెళ్లి చూస్తే ఆ నున్నటి తోలు మీద కిటికీ మొత్తం ఉంది: ఊచలు, అవతల ఎదురింటి మేడ, ఫోన్ పట్టుకుని వంగిన తను, అన్నీ వంపు తిరిగి. రోజూ తరిగే కాయే. కాస్త తిప్పితే ఎదురింటి మేడ సన్నబడుతుంది, ఇంకాస్త తిప్పితే మాయమవుతుంది. తొడిమ మీది ముళ్లు ఏటవాలు వెలుతురులో ఒక్కొక్కటీ నీడ వేస్తున్నాయి. ఆ సాయంత్రం కూర ఆలస్యమైంది.

తర్వాత తను నాకు ఇచ్చిన సమస్య: "శబ్దాన్ని ఫొటో తియ్యి." కుక్కర్ కూత తీశాను. ఆవిరి కనబడాలంటే వెలుతురు దాని వెనకనుంచి రావాలి, దాని వెనక చీకటి ఉండాలి. కిటికీని ఫ్రేములోకి రానీయకుండా పక్కకు జరిగి, నల్లటి ఫ్రిజ్ తలుపు ఎదురుగా ఉండేలా నిలబడితే ఆవిరి తెల్లటి కొమ్మలా లేచింది. ఏ ఊళ్లో తీసే ఫొటోకైనా పనికొచ్చే పాఠం ఇది. దుమ్ము, పొగ, వాన చినుకు, పొద్దున్నే ఊరు మీద పొగమంచు, అన్నిటికీ ఇదే లెక్క.

ఇంట్లో చేసినవాటిలో గదినే కెమెరాగా మార్చిన పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. హంపిలో దాని అవసరం మాకు మళ్లీ పడింది. పడకగది కిటికీకి నల్ల చార్టు కాగితం రెండు వరసలుగా అంటించాం. తలుపు సందులో పాత దుప్పటి కుక్కాం. కాగితం మధ్యలో చిన్న చదరం కోసి, అక్కడ వంటింటి అల్యూమినియం రేకు అతికించి, దానికి బొటనవేలి గోరంత రంధ్రం పెట్టాం. మొదట ఏమీ కనబడదు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కదలకుండా కూర్చోవాలి. మెల్లగా ఎదుటి గోడ మీద ఎదురింటి మేడ తలకిందులుగా దిగింది. దండెం మీది చీరలు పైకి వేలాడుతున్నాయి. నీళ్ల ట్యాంకు నేల దగ్గర ఉంది. వీధిలో వెళ్లే ఆటోలు సీలింగు మీద పరుగెత్తుతున్నాయి, అదీ ఎదురు దిశలో. రంగులతో సహా.

రంధ్రం పెద్దది చేస్తే బొమ్మ వెలుగుతుంది కాని అలుక్కుపోతుంది, చిన్నది చేస్తే తేటపడుతుంది కాని మసకబారుతుంది. ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో ఎవరి గది వాళ్లే తేల్చుకోవాలి. ఇంకో సంగతి: ఎదురుగా ఉన్న మేడ మీద ఎండ పడే వేళే ఎంచుకోవాలి, అంటే సూర్యుడు మన కిటికీకి వెనక ఉన్నప్పుడు. కెమెరాను స్టాండు మీద పెట్టి, ఐఎస్‌ఓ 400, ఎఫ్ 4, షట్టరు 30 సెకన్లు. అబెలార్డో మోరెల్ అనే ఫొటోగ్రాఫర్ 1991 నుంచి ఊరూరా గదులను ఇలాగే చీకటి చేసి, పరుపుల మీదా గోడల మీదా నగరాలను పడుకోబెట్టాడు. ఫిల్ము రోజుల్లో ఒక్కో ఫొటోకు గంటల తరబడి పట్టేది.

కిటికీ దగ్గరే ఫొటోగ్రఫీ పుట్టింది కదా. ఫ్రాన్సులో నిసెఫోర్ నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన ఇంటి మేడమీది కిటికీలోంచి తీసినదే ఇవాళ్టికీ మిగిలిన తొలి కెమెరా ఫొటో. దానికి ఎన్ని గంటలు పట్టిందంటే, ఆలోపు సూర్యుడు ఇటునుంచి అటు తిరగడంతో ఇళ్లకు రెండు వైపులా ఎండ పడినట్టు కనబడుతుంది. ప్రాగ్ నగరంలో యోసెఫ్ సుడెక్, మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న మనిషి, 1940 నుంచి 1954 దాకా తన స్టూడియో కిటికీనే తీశాడు. అద్దం మీది చెమ్మ, అవతల వంకరచెట్టు. అన్నేళ్లు చూసినా ఆయనకు ఆ కిటికీ అయిపోలేదు.

హంపికి మేం ఎక్కిన అమరావతి ఎక్స్‌ప్రెస్ రాత్రి బండి. నల్లమల సొరంగాలు చీకట్లో దాటిపోయాయి. బళ్లారి దాటాక కిటికీ పక్కన కూర్చుని, తోరణగల్లు ఉక్కు కర్మాగారం పొగగొట్టాలూ, ఎర్రదుమ్ము పట్టిన చెట్లూ చూస్తూ హోస్పేటలో దిగాం. అక్కడినుంచి హంపి 13 కిలోమీటర్లు, ఆటోలో. తుంగభద్ర గట్టుకు ఇవతలే బండరాళ్లు మొదలవుతాయి. ఎవరో పేర్చి మధ్యలో వదిలేసినట్టు ఒకదాని మీద ఒకటి.

విరూపాక్షాలయానికి పొద్దున్నే వెళ్లాం. తూర్పు గోపురం దాదాపు 50 మీటర్ల ఎత్తు, తొమ్మిది అంతస్తులు. దాన్ని కింద నిలబడి ఫొటో తీయడం ఆ రోజుకు నిషిద్ధమని నేను ముందే చెప్పాను. కెమెరా టికెట్ తీసుకుని, దర్శనం చేసుకుని, గర్భగుడి వెనక వైపు మెట్లెక్కి చిన్న చీకటి గదిలోకి వెళ్లాం. గోడలో ఒక రంధ్రం. ఎదుటి గోడ మీద అదే గోపురం, తలకిందులుగా, నీడలాగా. కలశాలు కిందికి, పునాది పైకి. మా పడకగదిలో పనిచేసిన సూత్రమే ఇక్కడా. వెలుతురు తిన్నగానే పోతుంది కాబట్టి, పైనుంచి వచ్చిన కిరణం రంధ్రం దాటి కిందికి, కిందినుంచి వచ్చింది పైకి. వెయ్యేళ్ల కిందట ఇబ్న్ అల్ హైతమ్ గ్రహణం నాటి సూర్యబింబం చిన్న రంధ్రంలోంచి ఎలా పడుతుందో లెక్కగట్టి రాశాడు. ఈ రంధ్రం కావాలనే పెట్టారా, అనుకోకుండా కుదిరిందా అని అక్కడ వాదించుకునేవాళ్లు ఉంటారు. నా మటుకు నాకు, ఆలయం మొత్తాన్ని కెమెరా కడుపులోంచి చూస్తున్నానన్న సంగతే చాలు.

ఫొటో మాత్రం తేలిగ్గా రాలేదు. గోడ మీది నీడ మసక, దాని చుట్టూ ఫోన్లు ఎత్తిన చేతులు. చాలామంది ఫ్లాష్ వేస్తారు, వేసిన మరుక్షణం నీడ చెరిగిపోతుంది. చీకట్లోనే కనబడేదాన్ని వెలుగుతో పట్టుకోలేం. మా పిల్లకు విజయవాడ గది గుర్తొచ్చింది. రంధ్రానికి దగ్గరగా జరిగితే బొమ్మ చిన్నదవుతుంది, కాని వెలుగు పెరుగుతుంది. తన తెల్ల చున్నీని వెలుతురు దారికి అడ్డంగా పట్టింది. గోపురం గోడ వదిలి చున్నీ మీదికి వచ్చింది, అంతస్తుల అంచులు లెక్కపెట్టేంత తేటగా. పక్కనున్న పెద్దావిడ ఒకరు, కర్నూలు వైపు నుంచి వచ్చారట, "ఏదమ్మా, నా చేతిలో పడుతుందా?" అని అరచెయ్యి చాచారు. పడింది. పసుపు ఇంకిన గీతల మధ్య గోపురం. ఆవిడ చెయ్యి కొంచెం వణుకుతోంది, గోపురమూ వణికింది. మా పిల్ల ఫ్లాష్ లేకుండా, మోచేతులు గోడకు ఆనించి, ఊపిరి బిగబట్టి తీసింది. మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫొటో అదే, తీసింది నేను కాకపోయినా.

అదే గుడిలో రంగమండపం పైకప్పు చూడకుండా ఎవరూ రాకూడదు. కృష్ణదేవరాయలు 1510 ప్రాంతంలో, తన పట్టాభిషేకం సందర్భంగా, కట్టించిన మండపం అది. కప్పు మీది చిత్రాల్లో విద్యారణ్యుల పల్లకీ ఊరేగింపు ఉంది, అర్జునుడు మత్స్యయంత్రం కొడుతున్న ఘట్టమూ ఉంది. ద్రౌపదీ స్వయంవరంలో అర్జునుడు చేపను నేరుగా చూడలేదు, నీళ్లలో ప్రతిబింబం చూసి కొట్టాడు. తల పైకెత్తి ఆ బొమ్మ చూస్తూనే మా పిల్ల ప్రకటించింది. "అత్తా, ఇవాళంతా మత్స్యయంత్రం. దేన్నీ నేరుగా తియ్యకూడదు. నీళ్లలో కనబడిందే తియ్యాలి."

నీళ్లను వెతకడం మొదలుపెడితే హంపి వేరే ఊరైపోయింది. బండల మీద గుంటల్లో నిలిచిన చెంబెడు నీళ్లలో మతంగ పర్వతం. టీ కొట్టు ముందు గిన్నెలు కడిగిన నీళ్లలో వీధి మండపాల వరస. ప్రతిబింబం పెద్దగా రావాలంటే కెమెరాను నీటికి ఆనుకునేంత కిందికి దించాలి. నిలబడి తీస్తే నీళ్లు కనబడతాయి, పడుకుని తీస్తే నీళ్లలో ఉన్నవి కనబడతాయి. ఫోకస్ నీటి మీద కాదు, బొమ్మ మీద పెట్టాలి. ఎంత దూరంలో కొండ ఉందో అంత దూరానికి. బడవి లింగం దగ్గర ఆగాం. ఉగ్రనరసింహుడి పక్కన చిన్న గుడిలో, దాదాపు మనిషికి రెట్టింపు ఎత్తున్న లింగం, పానవట్టం చుట్టూ ఎప్పుడూ నీళ్లే. కప్పు విరిగిన చోటునుంచి ఎండ నేరుగా నీళ్ల మీద పడి, అక్కడినుంచి గోడల మీదికి, లింగం మీదికి ఎగిరి అల్లల్లాడుతోంది. నీళ్లలోంచి తిరిగొచ్చిన ఎండ ఎంత మెత్తగా ఉంటుందో అక్కడ చూడాలి.

నా వంతు వచ్చినప్పుడు దత్తపది ఇచ్చాను. నాలుగు పదాలు ఒకే ఫ్రేములో రావాలి: రాయి, నీరు, పసుపు, పరుగు. తుంగభద్ర రేవు మెట్ల మీద కూర్చుంది. రాయి, నీరు అక్కడే ఉన్నాయి. పసుపు చీరలు వస్తూ పోతూ ఉన్నాయి. పరుగు మాత్రం లేదు. రేవు దగ్గర జారుతుందని ఎవరూ పరుగెత్తరు. తను ఫ్రేము ముందే కట్టుకుని, షట్టరు సెకనులో ముప్పయ్యో వంతుకు పెట్టి కూర్చుంది. కదిలేదాంతో పాటు కెమెరాను తిప్పితే అది నిలిచి చుట్టూ ఉన్నవి చెదిరిపోతాయి. అందుకు అంత నెమ్మది షట్టరు కావాలి. ఎండ ఎక్కుతోంది. పోదామా అని నేను అడగబోయేసరికి, పూజ సామాను పెట్టుకున్న ఒకాయన పళ్లెంలోంచి ఒక కోతి అరటిపళ్ల అత్తం ఎత్తుకుని మెట్లకు అడ్డంగా ఉరికింది. కిష్కింధ కదా, అవతలి ఒడ్డునే అంజనాద్రి. ఫొటోలో కోతి ముఖం సగం తేట, తోక గీత, అరటిపళ్లు పసుపు మరక, వెనక ఏరు గీతలు గీతలుగా సాగిపోయింది. నాలుగు పదాలూ పడ్డాయి.

మిట్టమధ్యాహ్నం ఫొటోలకు పనికిరాదని అందరూ చెప్పేదే. ఆ వేళకు పనికొచ్చే చోటు మహానవమి దిబ్బ దగ్గరి మెట్ల కోనేరు. 1980లలో తవ్వకాల్లో బయటపడింది. నల్లటి నునుపు రాళ్లు, నాలుగు వైపులా మెట్ల మీద మెట్లు, త్రిభుజాలు త్రిభుజాలుగా దిగుతాయి. ఎండ నెత్తిన ఉన్నప్పుడు ప్రతి మెట్టు కిందా కత్తితో కోసినట్టు నీడ పడుతుంది. అక్కడ నా నిషిద్ధం: ఆకాశం ఉండకూడదు, కోనేరు మొత్తం కనబడకూడదు. తొందరగా ఏదో ఒక మూల తీసి ముగిస్తుందనుకున్నాను. కాని ఆకాశం పోయేసరికి కొలత పోయింది. ఫొటోలో ఉన్నవి మెట్లా, ఇటుకలా, చదరంగం బల్లా తెలియకుండా పోయింది. ఇంకా దగ్గరకు వెళ్లి చూస్తే రాళ్ల మీద చెక్కిన గుర్తులు, అక్షరాలు. ఏ రాయి ఏ వైపు, ఏ వరసలో అమర్చాలో పనివాళ్లు రాసుకున్న ఆనవాళ్లు. మరెక్కడో చెక్కి తెచ్చి ఇక్కడ కూర్చారని వాటినిబట్టే అంటారు. మొత్తం కోనేరు తీసే హడావిడిలో ఉన్నవాళ్లకు ఈ అక్షరాలు కనబడే అవకాశం తక్కువ.

ఇక రథం. విఠలాలయానికి వెళ్లేముందు నేను సంచీలోంచి ఒక పాత ఫొటో నకలు తీశాను. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి పెద్ద చెక్క కెమెరా మోసుకొచ్చి, మైనం పట్టించిన కాగితపు నెగటివ్‌ల మీద హంపిని తీశాడు. ఎక్స్‌పోజరు నిమిషాల్లో ఉండేది కాబట్టి కదిలేది ఏదీ వాటిలో నిలవదు. దాదాపు నూట పాతికేళ్ల తర్వాత, 1980లలో, ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ అవే చోట్లు వెతుక్కుని, అవే కోణాల్లో మళ్లీ తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏం కూలిందో, ఏం నిలబెట్టారో, ఏ చెట్టు వచ్చిందో, ఏది పోయిందో మాట అవసరం లేకుండా తెలుస్తుంది.

గ్రీన్‌లా ఫొటోలో రాతిరథం మీద ఇటుకల శిఖరం ఉంది. ఇవాళ లేదు, తర్వాతి కాలంలో తీసేశారు. నోటు మీద ఉన్నది శిఖరం లేని రథమే. పాత ఫొటో తీసిన చోటు పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. దగ్గరగా ఉన్న ఒక వస్తువును, దూరంగా ఉన్న ఇంకో వస్తువును ఎంచుకోవాలి. మండపం స్తంభం అంచు, దాని వెనక గోపురం మూల అనుకోండి. పాత ఫొటోలో ఆ రెంటి మధ్య ఎంత ఖాళీ ఉందో చూడాలి. మనం ఎడమకు జరిగితే ఖాళీ మారుతుంది, కుడికి జరిగితే మారుతుంది. రెండూ సరిపోయే గీత దొరికాక, ముందుకూ వెనక్కూ జరగడానికి ఇంకో జత. లెన్సు ఏదన్నది తర్వాతి మాట, నిలబడే చోటే అసలు. చివరికి నీడలు చూసుకుని అదే వేళకు రావాలి. మా పిల్ల కాగితం ముఖానికి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, అంగుళం అంగుళం జరుగుతుంటే జనం దారి ఇచ్చారు. కాపలా ఆయన కూడా వచ్చి కాగితంలోకి తొంగిచూసి, పైన ఇటుకలు ఏమయ్యాయని అడిగాడు.

అంతసేపు రథాన్ని చూడటం వల్లే ఇంకోటి కనబడింది. రథం ముందు ఏనుగులు రెండు ఉన్నాయి. వాటి వెనక రాతిలో గుర్రాల వెనక కాళ్లు, తోకలు. రథానికి మొదట కట్టినవి గుర్రాలు, ఏనుగులు తర్వాత తెచ్చిపెట్టినవి. నోటు మీది బొమ్మను ఎన్నేళ్లుగా చేతులు మార్చుకుంటున్నాం, ఆ తోకల సంగతి నాకు తెలియదు. రథం దగ్గరకు పోనివ్వరు కాబట్టి 50 ఎంఎంతో తోక ఒక్కటే ఫ్రేములో నింపడం కుదరలేదు. ఏనుగు పిరుదుల వెనకనుంచి తోక తొంగిచూసేలా పక్కకు వెళ్లి తీశాను. ఎవరికి చూపించినా ముందు అర్థం కాదు. చెప్పాక ఫోన్‌లో తమ ఫొటోలు తీసి పెద్దవి చేసుకుని వెతుకుతారు.

ఈ మళ్లీ తీసే ఆటకు గ్రీన్‌లా అక్కర్లేదు, ఇంట్లో పాత ఆల్బమ్ చాలు. తెనాలిలో మా పాతింటి అరుగు మీద నాన్నమ్మ, చంకలో మా అన్నయ్య, పక్కన ఇత్తడి బిందె ఉన్న నలుపు తెలుపు ఫొటో ఒకటి ఉంది. ఆ అరుగు ఇప్పటికీ ఉంది, ముందు గ్రిల్ వచ్చింది. తలుపు గడప, దాని వెనక దొడ్డివాకిలి చట్రం కలిసే గీత పట్టుకుని వెనక్కి జరుగుతూ పోతే, ఫొటో తీసినాయన నిలబడింది వీధి అవతలి పక్క, ఇప్పుడు మందుల షాపు మెట్టు ఉన్న చోట. షాపులో ఆయనకు విషయం చెప్తే కుర్చీ తీసి దారిచ్చాడు. నాన్నమ్మ ఉన్న చోట అన్నయ్యను కూర్చోబెట్టాం. బిందె పక్కింటివాళ్లు ఇచ్చారు. పాత ఫొటోలో నాన్నమ్మ ఎండకు కళ్లు చిట్లించింది. కాబట్టి అది ఏ వేళో తేలింది. అదే వేళకు కూర్చున్న అన్నయ్యా అలాగే చిట్లించాడు.

ఇప్పుడు మా ఇద్దరి కళ్లూ హైదరాబాద్ మీద పడ్డాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోల్లో పాతబస్తీ వీధులు, ప్యాలెస్‌లు, కచేరీలు అన్నీ ఉన్నాయి. 1892లో దీన్‌దయాళ్ పరదా పాటించే స్త్రీల కోసం విడిగా జెనానా స్టూడియో కూడా తెరిచాడు. ఆయన చార్మినార్‌ను తీసిన చోట నిలబడాలంటే బళ్లు పెరగకముందే, ఆదివారం తెల్లవారుజామున వెళ్లాలి. నకళ్లు ప్రింటు తీయించి పెట్టాను. దాని తర్వాత తీయాల్సిన ఫొటోకు మా పిల్ల అప్పుడే నిషిద్ధం ప్రకటించేసింది: చూసినవాళ్లకు చార్మినార్ అని తెలియాలి, మినార్లు మాత్రం ఒక్కటీ కనబడకూడదు.